తాగకుండానే తూలిన మా బాపు

నా చిన్నప్పుడు, మేం చంద్రపూర్ దగ్గర ఘుగ్గుస్‌లో బొగ్గుగని క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, మా బాపు తాగుబోతని ఊరందరితో పాటు నేనూ నమ్మాను. అది తలుచుకుంటే ఈ డెబ్భై ఏళ్ల వయసులోనూ ఒళ్లు మండుతుంది.

బాపుకు క్షయ వస్తే నెలల తరబడి సూదిమందు వేశారు. దగ్గు తగ్గింది కానీ నడక చెడింది. గోడ పట్టుకోనిదే నాలుగడుగులు వేయలేడు. తను నడుస్తుంటే ఎదుటి మనిషి మొహం అదురుతోందని, ఎవరో పోల్చుకోలేకపోతున్నానని అనేవాడు. ఎవరు విన్నారు? వాడకట్టు పిల్లలు ఆయన వెనకాల తూలుతూ నడిచి నవ్వేవారు. బడి నుంచి వస్తూ ఆయన ఎదురైతే నేను సందులోకి తప్పుకునేదాన్ని.

ఒక పొద్దున హాజరు గుమాస్తా బాపును గని గేటు దగ్గరే ఆపేశాడు. పరాయి భాషవాడు కూడా కాదు, మన తెలుగువాడే.

"పొద్దుగాలనే తాగొచ్చినవా? సిగ్గు లేదా?" అని పదిమందిలో అరిచాడు.

సద్దిగిన్నె ఇవ్వడానికి వెళ్లిన నేను తలొంచుకుని నిలబడ్డాను.

అప్పుడే గని దవాఖాన నర్సమ్మ డ్యూటీకి వస్తూ ఆ మాట వింది. ఆమెకు అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. గుమాస్తాను గేటు గదిలోని క్యాలెండర్ ముందు నిలబెట్టి, తల గబగబా అడ్డంగా ఊపుతూ తారీఖులు చదవమంది. తడుముకోకుండా చదివాడు. బాపు తల ఊపితే ఒక్క అంకె కూడా ఆనలేదు.

"నాటకం" అన్నాడు గుమాస్తా.

ఆమె బాపు తల రెండు చేతులా పట్టుకుని, తన ముక్కునే చూడమని చెప్పి, చటుక్కున పక్కకు తిప్పింది. ఆయన కళ్లు తలతో పాటే పక్కకు పోయి, ఆ తర్వాత ఒక్క గెంతులో వెనక్కి వచ్చాయి. నా తల కూడా అలాగే తిప్పింది. నా కళ్లు ఆమె ముక్కు మీదే నిలిచాయి.

"చూసినవా సాబ్? తల ఇటు తిరిగితే కన్ను దానంతట అదే అటు తిరగాలె. చెవి లోపల తూకం చూసేది ఒకటుంటది, అదే కన్నుకు చెప్తది. సూదిమందు పానం కాపాడింది గని దాన్ని ఖరాబ్ చేసింది. గందుకే తూలుతుండు. తాగి కాదు."

గుమాస్తా తప్పయిందని అనలేదు. "గట్లయితే గనిలకు అసలే పంపొద్దు" అని గొణిగాడంతే. నర్సమ్మ డాక్టరుతో కాగితం రాయించాక బాపుకు గని పైనే, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. పదిమందిలో తిట్టిన మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు బాపు నా భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఒక్కటే అడిగాడు.

"నువ్వు గూడ నమ్మినవా బిడ్డా?"

లేదన్నాను.

గుమాస్తా మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. లేదని అబద్ధమాడిన ఆ పిల్ల మీద అంతకంటే ఎక్కువ ఉంది. చంద్రపూర్ బస్టాండులో ఎవరైనా తూలుతుంటే, చుట్టూ జనం నవ్వుతుంటే, నేను బస్సు పోయినా సరే ఆగుతాను. దగ్గరికి వెళ్లి, చెయ్యి అందించి, ఏమైందని అడుగుతాను. తాగినవాడే అయినా అడుగుతాను.