చిగిర్చిన కొయ్యమేకులు

అడవిలో ప్రతి చెట్టునూ పేరుతో ఎరిగిన దేవునికి స్తోత్రం. ఆయనను స్తుతించాకే ఈ సంగతి చెప్పాలి.

2022 వేసవి మొదట్లో దల్మా కొండల కింద ఒక రోడ్డుకు సర్వే చేస్తున్నాను. సెంటర్‌లైన్, అంటే రోడ్డు నడిమి గీత, ఒక పాత సాల్ తోపు గుండా పోతోంది. ఆ గీత వెంబడి కొయ్యమేకులు దిగగొడితే మర్నాడు గొడ్డళ్లు వస్తాయి.

తోపు అంచున బుధ్ని అనే ముసలామె కూర్చుని ఉంది. ఆదిలో సాల్ చెట్లు నడిచేవట. అలసిపోయి ఇక్కడ నిద్రపోయాయట. పేరు పెట్టి పిలిస్తే లేస్తాయట. ఆమె హిందీలో ఇదంతా చెబుతుంటే తల ఊపుతూ రీడింగులు రాసుకున్నాను.

కొలతల్లో నాకు సాయం చేసే చైన్‌మన్ అప్పలస్వామిది దగ్గరి పట్నంలోని భాలుబాసా పేట. ఇంట్లో మాత్రం శ్రీకాకుళం మాటే. అతను ఆఖరి మేకు మీద సుత్తి ఎత్తగానే ఆమె వచ్చి మేకును నిమిరి, "సాల్... సాల్" అంది. ఆ మేకూ సాల్ కర్రదే. అతను సుత్తి దించేశాడు.

ఏమైందని అడిగాను.

"సాలు సాలంతంది గదా బాబూ. ఇంకేటి కొడతాను?"

"చాలని కాదు. చెట్టు పేరు."

"అయితే సెట్టునే పిల్సిందేటి? లెగిస్తే నువ్వే కూకోబెట్టు మరి."

నవ్వుకుంటూ వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దుటి మసకలో మేకులన్నీ ఎర్రటి లేతాకులు తొడిగి ఉన్నాయి. నిన్న తిన్నగా నిలిపిన వరుస తోపును చుట్టి వంపు తిరిగింది. దూరం, కోణం చూపే టోటల్ స్టేషన్ యంత్రంతో మూడుసార్లు కొలిచాను. వంపు నిజమే. ఎండిన చేతికర్ర చిగిర్చిందని సండేస్కూల్లో ఏళ్లుగా పిల్లలకు చెప్పినవాణ్ణి. కళ్లముందే చూసి, వంగి ఒక లేతాకును తాకాను.

అవతల గొడ్డళ్లవాళ్లు బండి దిగుతున్నారు. బుధ్ని నావైపే చూస్తోంది. అప్పలస్వామి చెప్పులు విడిచి, నెమ్మదిగా అడిగాడు.

"ఇనప మేకులున్నాయి బాబూ. తెమ్మంతావా?"

"సాలు," అన్నాను.

మేకులు నిలిచినచోటే నక్షాలో గీత గీశాను. రోడ్డు ఇప్పుడు ఆ వంపు తిరిగే పోతోంది. కొలిచేముందు పేరు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను.

చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నీవు ఎవరి నోట "చాలు" అనిపించినా వినే చెవులు మాకు దయచేయి.