గెలిచిన కారుకి స్నానం

మంచి చేయబోయి ఇంటిల్లిపాది చేతా తిట్లు తిన్నవాళ్లెవరైనా ఉంటే కాస్త దగ్గరికి జరగండి. నరసన్నపేటలో నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను. అంతా విని తప్పు నాదేనన్నారో, మీకూ నాకూ మాటల్లేవు.

మా బావకి, అంటే అక్క మొగుడికి, హైవే పక్కన టైర్ల కొట్టు ఉంది. మనిషి బంగారం, కానీ బొమ్మ కార్ల పిచ్చి. పిల్లలు ఆడుకునేవి కాదు. లోహంతో పోతపోసి, అసలు కారుని అచ్చు దింపినట్టు చేసినవి. వాటన్నిటిలో ఆయనకి ముద్దొచ్చేది, ఇరవైనాలుగు గంటల పందెంలో గెలిచిన కారు బొమ్మ. విశాఖపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేసి, దసరా మర్నాడు వచ్చి దాన్ని తీసుకుని బదులు వేరే కార్లు రెండు ఇస్తానన్నాడు. బావ మాటిచ్చేశాడు.

నాకప్పుడు డిగ్రీ అయిపోయి పనీపాటా లేదు. పండక్కి వాళ్లింటికి వెళ్లాను. పండగ పొద్దున్నే బావ కొట్టుకి వెళ్లగానే అక్క నా చేతిలో బకెట్టు పెట్టింది.

"బళ్లన్నీ కడిగీరా. బావొచ్చి పూజ సేస్తాడు."

అన్నీ అంది. గుర్తు పెట్టుకోండి, అన్నీ. బైకు కడిగాను, సైకిలు కడిగాను. తీరా అద్దాల పెట్టెలోకి చూద్దును కదా, మిగతా కార్లు తళతళలాడుతుంటే గెలిచిన కారు మాత్రం వరిమడిలోంచి లేచొచ్చినట్టుంది. ముందంతా చచ్చిన పురుగులు, పక్కల నూనె మరకలు, చక్రాల మీద మసి. పాపం, తుడిచే దిక్కు లేదు కాబోలని జాలేసింది. చింతపండు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ తెచ్చి గంటసేపు తోమాను. ఒక్కో పురుగునీ గోటితో గీకాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పట్టకపోతే ద్రాక్షపళ్లు పెట్టాను.

బావ వచ్చాడు.

"ఏటిరా ఇది?"

"కారు బావా. కడిగేను."

"మురికేదిరా?"

"పోనాది. సాలా కష్టపడ్డాను."

బావ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "ఒరే, అది మురికి కాదురా. పందెం అయిపోయినప్పుడు అసలు కారు ఎలాగున్నాదో అలాగే, మరక మరకా సూసి రంగులేసేరు. దాని ఇలవంతా ఆ మురికిలోనే ఉన్నాది."

"పురుగులు కూడానా?"

"పురుగులు కూడాను."

నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. మురికిని రంగులేసి అమ్మినవాడిది తప్పు కాదట, కొన్నవాడిది తప్పు కాదట, కడిగినవాడిది తప్పట. పళ్లెం అంచున మెతుకు ఎండితే పది మాటలనే అక్క కూడా ఆ పూట మొగుడి వైపే.

"నాను బళ్లు కడగమన్నాను గానీ బొమ్మలు కడగమన్నానేటి?"

"మురికే కదా బావా, పొలంలోంచి తెచ్చి పూసీనా?" అన్నాను. ఆ మాటకి నాకు గారెలు కూడా పెట్టలేదు.

మర్నాడు విశాఖపట్నం ఆయన వచ్చాడు. కారుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తను తెచ్చిన రెండు డబ్బాలూ మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఇది పందెంలోకి దిగనే లేదన్నట్టుందండి. నాకొద్దు," అని, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆయన ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా బావ వీధిలోనే నిలబడ్డాడు. ఇక నాకు దెబ్బలేనని గోడకి ఆనుకున్నాను. బావ లోపలికొచ్చి, కారుని పెట్టెలో పెట్టి, నా ఎదురుగా కూర్చుని మెల్లిగా నవ్వడం మొదలెట్టాడు.

"మాటిచ్చీసేను గానీ, ఇచ్చీడానికి పేనం ఒప్పలేదురా. మూడ్రోజులై ముద్ద దిగనేదు. బతికించేవు."

"మరి నిన్నటినుంచి నన్ను తిట్టిందేటికి?"

"కడిగినందుకు."

ఇందులో న్యాయం ఎక్కడుందో మీరే చెప్పండి. అందుకే ఆ రోజే ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో గెలిచినదాన్ని దేన్నీ కడగను. ఓడిపోయినదైనా సరే, దాని మీద పురుగులు అసలువో రంగువో యజమాని కాగితం మీద రాసి సంతకం పెట్టాకే నీళ్లు పోస్తాను.