గిరియప్ప వెయ్యని పచ్చ వైరు

బొమ్మనహళ్ళిలో హొసూరు రోడ్డు వెనక, గార్మెంటు యూనిట్ల సందుల్లో, వెంకటగిరియప్ప వైరింగ్ చేయని ఇల్లు వెతకాలంటే కష్టం. ముళబాగిలు వైపు పల్లె నుంచి పదిహేడో ఏట అక్క భాగీరథమ్మ ఇంటికి వచ్చాడు. తల్లి లేని పిల్లవాణ్ణి ఆమే సాకింది. బావ పనిచేసే యూనిట్‌లోనే ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్పించింది. చేతిలో పని నిలిచింది. సందులో ఎవరి ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా "గిరియప్పకు చెప్పండి" అనేవారు.

తొంభై ఎనిమిదిలో అక్కాబావలు రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉండే ఇల్లు. గిరియప్ప ఎర్ర వైరు, నల్ల వైరు లాగాడు. పచ్చది, భూమిలోకి పోయే ఎర్తు వైరు, లాగలేదు. దానికి గుంత తవ్వాలి, పైపు దించాలి, ఉప్పు, బొగ్గు పొయ్యాలి. తర్వాత చూద్దామనుకున్నాడు. చూడ్డానికి బాగుంటాయని మూడు రంధ్రాల సాకెట్లే బిగించాడు. మూడో రంధ్రం వెనక ఏమీ లేదు. ఆ రోజుల్లో సందులో అన్ని ఇళ్ళకూ అలాగే చేశాడు. అందరూ అలాగే చేసేవారు.

ఇల్లు మారలేదు గానీ ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, గీజరు వచ్చింది, బావ చనిపోయిన ఏడాది వాషింగ్ మిషన్ వచ్చింది. ఒక రోజు కాఫీ ఇస్తూ భాగీరథమ్మ అంది.

"గిరీ, ఆ మిషన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాది అప్పా. స్వల్ప చూడు."

"రబ్బరు చెప్పులు ఏసుకో అక్కా. ఆదివారం వస్తా."

నెల తర్వాత మళ్ళీ అంది. వచ్చే ఆదివారం అన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజంగానే రావాలనుకున్నాడు. అప్పటికి దేవనహళ్ళి దగ్గర కొత్త విల్లాల పని ఒప్పుకుని ఉన్నాడు. పొద్దున ఆరింటికి బయలుదేరితే ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేది.

మే నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఆకాశం నల్లబడి వడగళ్ళ వాన కొట్టింది. సందులోని మోరీ పొంగి నీళ్ళు కింది ఇళ్ళల్లోకి వచ్చాయి. భాగీరథమ్మతోనే ఉండే కూతురు సుమ, అల్లుడు హేమంత్‌కుమార్ పనికి వెళ్ళారు. మిషన్‌లో బట్టలు తిరుగుతున్నాయి. నీళ్ళు మిషన్ కాళ్ళ దాకా వచ్చేసరికి, అది పాడైపోతుందని భాగీరథమ్మ వట్టి కాళ్ళతో వెళ్ళి దాన్ని పక్కకు లాగబోయింది.

కేక విని పక్కింటి చిక్కమ్మ వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలివి పనిచేసింది. నీళ్ళలో దిగలేదు. పొడిగా ఉన్న వరండా మెట్టు మీద నిలబడి ముందు మెయిన్ స్విచ్చి దించింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ వేళ గిరియప్ప ఒక విల్లాలో, కరెంటు ఎక్కడ కారినా క్షణంలో ఆపేసే స్విచ్చి బిగిస్తున్నాడు. ఫోను వచ్చింది. నీళ్ళు నిలిచిన రోడ్ల మీద బొమ్మనహళ్ళి చేరడానికి మూడు గంటలు పట్టింది.

రెండు రోజులకు విచారణకు ఒక అధికారి వచ్చాడు. సాకెట్ విప్పి, మూడో రంధ్రం వెనక ఉన్న ఖాళీ వైపు చూశాడు. వైరింగ్ ఎవరు చేశారని కన్నడంలో అడిగాడు.

"నేనే సార్," అన్నాడు గిరియప్ప.

గుమ్మంలో నిలబడ్డ సుమ విన్నది. పదకొండో రోజున అందరికీ వడ్డించినట్టే అతని ఆకులోనూ వడ్డించింది, మొహం మాత్రం చూడలేదు. తర్వాత ఇంటికి కొత్త వైరింగ్ చేయించడానికి వేరే పనివాణ్ణి పిలుచుకుంది.

రెండు నెలలు గిరియప్ప టెస్టరు ముట్టలేదు. ఆ తర్వాత ఒక పొద్దున కూర్చుని, ఏ సందులో ఏ ఇంటికి తాను రెండు వైర్లే లాగాడో గుర్తు తెచ్చుకుంటూ రాశాడు. నలభై ఏడు ఇళ్ళు తేలాయి. విల్లాల పని వదిలేశాడు. బళేపేటకు పోయి పచ్చ వైరు చుట్టలు తెచ్చాడు. కొట్టతను ఏ సైటుకని అడిగితే, "పాత ఇండ్లకప్పా" అన్నాడు.

మొదట బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరైన ఆవులప్ప ఇంటికి వెళ్ళాడు.

"ఇరవై ఏండ్లుగా ఏమీ కాలేదు కదప్పా. ఇప్పుడేమొచ్చె?" అన్నాడు ఆవులప్ప.

గిరియప్ప రెండు వైర్లు తగిలించిన బల్బు తీసి సాకెట్ రెండు రంధ్రాల్లో పెట్టాడు. వెలిగింది. ఒక వైరు తీసి పైనున్న మూడో రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు.

"దీని వెనక భూమి లేదన్నా. నేనే ఏసినా. తప్పు నాదే."

ఆవులప్ప ఆ బల్బు వైపు చూసి, లేచి, గోడకు ఆనించిన మంచం తానే పక్కకు జరిపాడు.

అన్ని ఇళ్ళూ అలా తెరుచుకోలేదు. కొందరు మళ్ళీ గోడలు పగలగొట్టడం మా వల్ల కాదన్నారు. చిక్కమ్మ అయితే నిలదీసింది. "భాగీరథి బతికుండంగ ఎందుకు చెప్పలేదప్పా ఈ మాట?" ఆమె తలుపూ వేయలేదు, లోపలికీ పిలవలేదు. మరునాడు మళ్ళీ వెళ్ళి మెట్టు మీద నిలబడ్డాడు. మూడో రోజు లోపలికి రానిచ్చింది.

పని చేసిన ప్రతి ఇంట్లో మోకాలి ఎత్తులో ఉన్న సాకెట్లను ఛాతీ ఎత్తుకు మార్చాడు. కరెంటు కారితే తనే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చి బిగించి, నెలకొకసారి దాని మీది మీట ఒత్తి చూడమని ఇంటి ఆడవాళ్ళకు నేర్పాడు. మబ్బు పట్టగానే ప్లగ్గులు పీకమన్నాడు. నీళ్ళు గడప దాటక ముందే, కాళ్ళు పొడిగా ఉండగానే, మెయిన్ దించమన్నాడు. "మిషన్ పోతే పోనీ అమ్మా," అని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడు.

మరుసటి ఏప్రిల్‌లో ఒక ఆదివారం సుమ ఫోన్ చేసింది.

"కొత్త వైరింగ్‌తో పెట్టించిన ఆ కరెంటు ఆపే స్విచ్చి ఊరికే పడిపోతా ఉండాది. వైరింగ్ చేసినాయన దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తానన్నాడు. నేను వద్దన్నా. నువ్వు వస్తావా?"

పది నిమిషాల్లో వెళ్ళాడు. ఒక్కొక్కటే ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. గీజరు పెట్టగానే స్విచ్చి పడిపోయింది.

"గీజరు లోపల కరెంటు కారతా ఉండాది. స్విచ్చిది తప్పు లేదు. దాన్ని తీసేయకుండా మంచి పని చేసినావు."

సుమ గోడకు ఆనుకుని నిలబడింది. గిరియప్ప స్క్రూ డ్రైవరు కింద పెట్టాడు. ఏడాదిగా లోపల దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"మిషన్ జివ్వుమంటాదని అక్క నాకు చెప్పిందమ్మా. రెండుసార్లు చెప్పింది. ఆదివారం వస్తానన్నా. రాలే."

బయట దూరంగా ఉరిమింది.

"నాకూ చెప్పింది మామా," అంది సుమ. "మామకు చెప్పమ్మా అని పనికి పోయినా. మళ్ళీ అడగనేలేదు."

"నీది కాదమ్మా. నీకు తెలీదు. నాకు తెలుసు."

ఆమె తల అడ్డంగా ఊపింది. అతని మాట కాదందో, తనను తాను నిందించుకుందో అతనికి అర్థం కాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఇల్లంతా తిరిగి ఫ్రిజ్‌దీ, టీవీదీ, మిషన్‌దీ ప్లగ్గులు పీకింది.

గీజరును విప్పి పక్కన పెట్టి, పనిముట్లు సర్దుకుని గిరియప్ప లేచాడు.

"వాన వస్తాండాది. తిని పో," అంది సుమ.

రాగిసంగటి, పప్పు పెట్టి ఎదురుగా కూర్చుంది. గిరియప్ప ముద్ద తుంచి పప్పులో అద్దుకున్నాడు. వాన మొదలైనా ఆకు ముందునుంచి లేవలేదు.