బావి పిలిచిన మధ్యాహ్నం

నిన్న కుందుర్పి రోడ్డు మీద చెరకురసం బండి దగ్గర ఆగాను. దాని చిన్న ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, లయలో పడింది. కాలిన డీజిల్ వాసన తగలగానే గ్లాసు అందుకోవడం మరిచి, పోయినవన్నీ లెక్కపెట్టుకున్నాను. మా మరమ్మతు షెడ్డు నుంచి నీళ్లు తోడే ఇంజన్లు వెళ్లిన బావులు ముప్పై ఒకటి. వాటిలో ఇవాళ నీళ్లున్నది ఒక్కటీ లేదు. తొమ్మిదింటిని పూడ్చి పక్కన బోర్లు వేశారు. ఆ బోర్లలో ఏడు ఎండిపోయాయి. ఇంజన్లు పాత ఇనుముకు పోయాయి, షెడ్డు పోయింది. వాటిని బిగించడం నాకు నేర్పిన తిప్పేస్వామి మేస్త్రి కూడా పోయాడు.

ఆయన దగ్గర చేరేనాటికి నాకు పెళ్లయి, బిడ్డ పుట్టింది. వరుసగా వేరుసెనగ పంట పోయి కూలికి వెళ్లాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, ఐదో తరగతితో బడి ఆగాక సొంతంగా పట్టుకున్నవే. ఆ లెక్క ఎందుకో మాత్రం ఆయన దగ్గరే తెలిసింది. విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే గోనెపట్టా మీద పరిచేవాడు. బిగించాక పట్టా ఖాళీ కావాలి. ఒకసారి నేను బిగించిన ఇంజను హాయిగా ఆడుతుండగా పట్టా మీద ఒక వాషర్ కనబడింది.

“ఇది యాడిదప్పా?” అన్నాడు.

“ఎక్కువొచ్చిందేమో మేస్త్రీ. బాగనే ఆడుతాండాది గదా.”

“ఎక్కువొస్తే ఇంటికి తీస్కపో. నీ పెండ్లానికి ముక్కుపుడక చేపియ్యి.” ఆయన నవ్వలేదు. ఇంజను ఆపి, స్పానరు నా చేతిలో పెట్టాడు. “బాగ ఆడేదాన్ని నమ్మొద్దు. ఇప్పు.”

మా మెట్ట నేలలో నీళ్లు ఏటేటా దిగిపోయేవి. గట్టు మీది ఇంజను పాతిక అడుగులకు మించి నీళ్లు పీల్చలేదు. అందుకని రైతులు బావి గోడలో బండ తొలిచి ఇంజన్నే లోపలికి దించేవాళ్లు. పొగ గొట్టం పైకి పెట్టినా కొంత పొగ లోపలే నిలిచేది. మనిషి దిగి, హ్యాండిల్ తిప్పి, ఇంజను అందుకోగానే ఎక్కి రావాలి. అలా రాకుండా నిలబడిపోయిన ఒకణ్ని, వాడి కోసం దిగిన ఇంకొకణ్ని తిప్పేస్వామి ఒకప్పుడు తన చేతులతో శవాలుగా పైకి తీశాడు. అప్పటి నుంచి ఆయనది ఒకటే పద్ధతి. ఇంజను లోపల ఉన్నా డీజిల్ డబ్బా గట్టు మీదే ఉండాలి, పొడవాటి పైపుతో. అంత పైపుకు దుడ్లు దండగని రైతులు గొణిగితే, “దాని ప్రాణం పైన నా చేతికందాల,” అనేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం హనుమంతప్ప అనే రైతు బావిలో ఇంజను బిగించి, ఆడించి, పైకి వచ్చి చేతులు కడుక్కుంటున్నాం. నీళ్ల పైపు అతుకు దగ్గర గాలి పీలుస్తోందని హనుమంతప్ప మాకు చెప్పకుండా దిగాడు. అతని భార్య మారెక్క గట్టు మీద నుంచి పిలిచింది. మళ్లీ పిలిచింది. తర్వాత మా వైపు తిరిగింది. “మేస్త్రీ, ఈయప్ప పలకల్యా.”

తిప్పేస్వామి పరుగున పోయి డబ్బా నుంచి పైపు పీకేశాడు. ఇంజను ఆగలేదు. పైపులో మిగిలిందంతా తాగేదాకా ఆగదు. కింద చీకట్లో అది ఎంతో ఆరోగ్యంగా ఆడుతోంది. అంత చక్కని లయ నేను మళ్లీ ఏ ఇంజనులోనూ వినలేదు. హనుమంతప్ప తమ్ముడు నడుముకు తాడు కట్టుకున్నాడు. మేస్త్రి ఆ తాడు మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

చివరికి ఇంజను ఆగింది. మేస్త్రి వంగి, “హనుమంతప్పా,” అని పిలిచాడు.

“దిగి రా,” అని కిందినుంచి వినిపించింది. తొందర లేని గొంతు.

“పిలుస్తాండాడు. నా మొగుడు పిలుస్తాండాడు, దింపండప్పా,” అంది మారెక్క.

“కాలు తియ్యి మేస్త్రీ. వాడు నీ తోడబుట్టినోడైతే ఇట్లనే నిలబడతావా?” అన్నాడు తమ్ముడు.

“పిలిస్తే పిలవనీ. ముందు లాంతరు ఆరకుండా నిలవాల.”

వెలిగించిన లాంతరును తాడుతో దించాడు. సగం దూరంలోనే ఆరిపోయింది. వేపకొమ్మలు కట్టి బావిలోకి దించుతూ లాగుతూ గాలిని కలిపాం. అలా లాగుతున్నంతసేపూ, ఎవరూ పిలవకపోయినా, ఆ గొంతు “దిగి రా, దిగి రా” అంటూనే ఉంది. మారెక్క చెవులు మూసుకుని కూలబడింది. నా కాళ్లు వాటంతట అవే అంచుకు జరుగుతుంటే మేస్త్రి నా చొక్కా పట్టుకున్నాడు. మళ్లీ దించిన లాంతరు అడుగుదాకా వెలిగింది. అప్పుడు ఆయన తాడు మీది కాలు తీశాడు.

హనుమంతప్ప బతికాడు. తమ్ముడు దిగి పైకి తెచ్చేసరికి ఒళ్లు తెలియదు. అతుకుకు చుట్టాల్సిన గుడ్డ ఇంకా అతని పళ్ల మధ్యనే, నోటి నిండా ఉంది. బిగుసుకుపోయిన దవడలు విడదీయడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. తర్వాత అడిగితే, గుడ్డ పళ్లతో పట్టుకున్నంతవరకే గుర్తుందన్నాడు.

తిరుగు దారిలో అడిగాను. “మేస్త్రీ, పిలిచిందెవరు?”

ఆయన ముందు నడుస్తూనే అన్నాడు. “నాకు తెల్దప్పా. ఎవరన్నా కానీ. లాంతరునడిగి దిగు.”

ఇప్పుడు నేను మోటార్లు బిగిస్తాను. నీళ్ల తొట్టిలోకైనా ముందు దీపం దించకుండా మనిషిని దించను. కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనిస్తాను. కానీ ఒక లెక్క మాత్రం రాత్రిళ్లు మళ్లీ మళ్లీ వేస్తుంటాను. గట్టు మీద నలుగురం, నలుగురమూ విన్నాం. బావిలో ఉన్నది ఒక్కడు, అతని నోటి నిండా గుడ్డ. ఎటునుంచి కూడినా ఒక గొంతుకు మనిషి లేడు. ఆ ఒకటి ఈనాటికీ తేలలేదు.