లచ్చవ్వ చెలక మట్టి

పదకొండేళ్లుగా ఒక గుడ్డ సంచెడు మట్టి నా గుండె మీద ఉంది. మా ఆయనకు కూడా తెలియదు. మీ ముఖం నేనెరగను కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది గుమ్మడిదల దగ్గర పల్లె. మా చెలక, అంటే వానకు పండే మెట్ట చేను, మిట్ట మీద, లచ్చవ్వ చెలక కింద, వాగు ఒడ్డున. ఆమె వరసకు నాకు అత్త. ఊళ్లో ఎవరు విత్తినా మొదటి పిడికెడు గింజలు ఆమె చల్లాల్సిందే. ఆమె చెయ్యి అంత మంచిదని పేరు.

మందుల ఫ్యాక్టరీ నీళ్లు వాగులో కలిశాక ఆమె జొన్న పసుపెక్కింది. మట్టిలో ఆమ్లం పెరిగి పులిసిపోయిందన్నారు. మా ఎర్ర నేలకూ కాస్త పులుపుండేది. రెండేళ్లు సున్నప్పొడి చల్లి, కలియదున్ని బాగుచేసుకున్నాం. లచ్చవ్వ కూడా సున్నం మొదలుపెట్టింది, ఫ్యాక్టరీ మీద అర్జీ పెట్టింది. వ్యవసాయ అధికారి మట్టి పరీక్షకని సంచి ఇచ్చి వెళ్లాడు. చెలకలో పది చోట్ల తవ్వి, కలిపి నింపాలి. మోకాళ్ల నొప్పులతో వంగలేక, చదువుకున్నదానివి నువ్వే నింపమని నన్ను అడిగింది.

మా ఆయన అదే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి టెంపరరీ. అర్జీ వీగిపోతే మీ ఊరివాళ్లను పర్మనెంట్ చేస్తామని సూపర్‌వైజర్ చెప్పాడట. మట్టి మార్చమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ఆలోచన నాదే. ఆమె చెలకలో ఒక్క గుంట తవ్వి, ఆగి, మిట్ట ఎక్కి, సున్నంతో తేరుకున్న మా మట్టితో సంచి నింపాను. చేతులు వణికాయా? లేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

నేల బాగుంది, సున్నం అక్కర్లేదు అని కాగితం వచ్చింది. ఆమెకు చదివి వినిపించింది కూడా నేనే. అర్జీ మూసేశారు. మా ఆయన పర్మనెంట్ అయ్యాడు. కాగితాన్ని నమ్మి లచ్చవ్వ సున్నం మానేసింది. మరుసటేడు ఆమె చెలకలో గడ్డి కూడా సరిగా మొలవలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే ఆయన ఉద్యోగం ఏమవుతుంది, పిల్లల చదువు ఏమవుతుంది, మా చెలకలో కూలికొస్తున్న ఆమె బతుకు మాత్రం ఏమవుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. నిజంగా వాళ్ల కోసమేనా? నా ముఖం దాచుకోవడానికి కాదా?

మొన్న తొలకరికి జొన్న వేస్తూ, మొదటి పిడికెడు చల్లమని ఆమెను అడిగాను. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నా చెయ్యి వద్దు బిడ్డా. భూమి మంచిదేనని సర్కారోళ్లే కాయితం ఇచ్చిరి. ఇగ తప్పు నా చేతిలనే ఉన్నది గద."

"గట్ల అనకు అత్తా" అన్నాను.

అంతే.  గింజలు నేనే చల్లాను. ఆమె నా వెనకాలే నడుస్తూ మట్టి కప్పింది.

ఆమె చేతిలో ఏ తప్పూ లేదు. మట్టి మార్చింది నేను. ఈ రెండు మాటలు రాసేసరికి ఊపిరి కాస్త ఆడింది. ఆమెకు చదవడం రాదు. అది తెలిసే రాశాను.