సొంతూరికి వీసా

మా మేనత్త పోయిందని మా ఆవిడ ఫోన్ చేసేసరికి నేను జగ్గయ్యపేటలో మోటారు రిపేరు షాపులో కూర్చుని ఉన్నాను. "పెద్దమ్మ లేవట్లేదండీ. ఒళ్ళు చల్లబడిపోయింది" అంది. మోటారు అక్కడే వదిలేసి నందిగామ బస్సెక్కాను. దారంతా సిమెంటు లారీలు. కిటికీ పక్కన కూర్చున్నాక మొదట నాకు అనిపించింది ఒకటే. ఇంట్లోనే పోయింది, తన మంచం మీదే పోయింది. ఆ మాట ఇక్కడ రాయడానికి కొంచెం జంకుగానే ఉంది. కానీ ఆమె కోరుకున్నది అంతే, అది కూడా దక్కదేమోనని మేం ఒక ఏడాది భయపడ్డాం.

ఆమె మా నాన్నకి అక్క. మిషను ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని, పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, పాతికేళ్ళ వయసులో ఇంగ్లండు వెళ్ళింది. అక్కడే పెద్దాస్పత్రుల్లో పనిచేసి, అక్కడి పాస్‌పోర్టు తీసుకుని, అక్కడే రిటైరయింది. అద్దెకుంటున్న ఇల్లు ఖాళీ చేసి, సామాను చర్చివాళ్ళకిచ్చేసి, డెబ్బయ్యో ఏట మా ఊరొచ్చింది. నందిగామకి ఏడెనిమిది కిలోమీటర్లుంటుంది మా ఊరు. మా ఇంటి పక్క ఖాళీ జాగాలో రెండు గదులు వేయించుకుంది. వచ్చిన వారంలోనే మా ఇంట్లో ఉన్న పాత మందులన్నీ మంచం మీద పోసి, తేదీ దాటినవి ఏరి పారేసింది. "సీసా మీద రాసింది చదవకుండా నోట్లో ఎలా వేసుకుంటార్రా?" అని నన్ను కేకలేసింది.

జ్వరమొచ్చిందని ఆమెతో అనకూడదు. "వచ్చిందని కాదు, ఎంతొచ్చిందో చెప్పు" అనేది. చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్నట్టు జాకెట్లో థర్మామీటరు పెట్టుకుని తిరిగేది.

అంత చదివే మనిషి ఒక్క కాగితం మాత్రం చదవలేదు.

ఆమె పాస్‌పోర్టులో వీసా ఐదేళ్ళకి ఉంది. ఐదేళ్ళు ఉండొచ్చనే అనుకుంది. కిందనున్న చిన్న అక్షరాల్లో, ఒకసారి వస్తే నూట ఎనభై రోజులు మించి ఉండకూడదని రాసుంది. అసలు వీసా అన్నది విమానాశ్రయంలో చూపించడానికేనని ఆమె లెక్క. పుట్టినూరికి చేరాక ఇంక దాంతో పనేముంది? మేమూ అడగలేదు. మా ఇళ్ళల్లో ఎవరైనా వస్తే ఎన్నాళ్ళుంటావని అడగడం మర్యాద కాదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఏడాది దాటాక, తనతో పనిచేసిన కేరళ నర్సు ఫోన్లో మాటల మధ్య వీసా ఎన్నాళ్ళకని అడిగితే అప్పుడు పాస్‌పోర్టు తీసి చూసుకుందట. చూసి బీరువాలో పెట్టేసింది. మాకు చెప్పలేదు.

మాకు కనిపించింది వేరు. ఆదివారం ప్రార్థనకి గుడికి రావడం మానేసింది. బావి దగ్గరికి వచ్చేది కాదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంది. ఒకరోజు చెత్తబుట్టలో మా ఆవిడకి చీము మరకలున్న దూది కనబడింది. తిన్నగా వెళ్ళి తలుపు కొట్టింది.

"పెద్దమ్మా, కాలు చూపించు."

"నా కాలు నీకెందుకే? వంట చూసుకోపో."

"వంటయింది. కాలు చూపిస్తావా, ఆయన్ని పిలవనా?"

"పిలు. వాడు నెత్తురు చూస్తే పడిపోతాడు. నాకు ఇద్దరు పేషంట్లవుతారు."

కట్టు విప్పాక చూశాం. కుడికాలి బొటనవేలి పక్కన రెండు వేళ్ళు నల్లబడ్డాయి. ఆమెకి షుగరుంది. కొత్త చెప్పు కరిచి పుండయితే, రెండు నెలలుగా గది గడియ పెట్టుకుని తనే కడిగి కట్టుకుంటోంది. ఎంతోమంది పుళ్ళు మాన్పిన మనిషి, తన కాలు పోతోందని తెలియక కాదు.

"ఆస్పత్రికి పోదాం పదత్తా" అన్నాను.

"ఆధార్ అడుగుతారు. నాకు లేదు. పాస్‌పోర్టు చూపిస్తే, పైదేశం మనిషి వచ్చిందని వాళ్ళు పోలీసులకి రాయాలి. రాస్తే నా గడువైపోయిన సంగతి బయటపడుతుంది. విమానం ఎక్కించేస్తార్రా."

"ఎక్కిస్తే ఏమైంది? అక్కడ వైద్యం ఫ్రీ అన్నావుగా?"

"అక్కడ కాపురమున్నవాళ్ళకిరా. నేనన్నీ వదిలేసుకుని వచ్చాగా. ఇప్పుడెళ్తే దిగడానికి ఇల్లు లేదు, తలుపు తీసే మనిషి లేదు. పెన్షన్ కూడా నేనిక్కడున్నాళ్ళూ పెరగదు. వచ్చిన రోజు ఎంతో చచ్చేదాకా అంతే. దాంతో అక్కడ గది కూడా రాదు." దూది అందుకుని పుండు కప్పుకుంటూ, "ఒంటికాలితో అయినా ఇక్కడుంటా. రెండు కాళ్ళతో అక్కడ ఒక్కదాన్నే చావలేను" అంది.

ఆ మధ్యాహ్నమే ఆటోలో నందిగామ తీసుకెళ్ళాను. క్లినిక్‌లో డాక్టరమ్మకి ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. అత్త కాలు చూపించకుండా ముందు వీసా సంగతి మొదలుపెట్టింది. తప్పు ఒప్పుకున్న దొంగలాగా వివరంగా చెప్పింది. డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుంటూనే విని, "అమ్మా, మీరు నర్సు కదండీ. ముందు కాలా, ముందు కాగితమా?" అంది. అత్త కాలు చాపింది.

డాక్టరమ్మ పంపిన విజయవాడ ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. ఆస్పత్రివాళ్ళు రూలు ప్రకారం పోలీసులకి రాశారు. వాళ్ళొచ్చి అడిగేలోపు మేమే వెళ్దామని, కాలి కట్టుతోనే అత్తని చక్రాల కుర్చీలో విదేశీయుల పేర్లు నమోదు చేసే ఆఫీసుకి తోసుకెళ్ళాను. అక్కడున్న మేడం పాస్‌పోర్టు తిరగేసి, "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగింది.

"భయమేసిందండి" అంది అత్త. ఇంగ్లీషులో చెప్పడానికి ఇంట్లో రాసుకున్న అర పేజీ చేతిలోనే ఉంది. చదవలేదు.

"వచ్చుంటే అప్పుడే అయిపోయేది" అంది మేడం. జరిమానా కట్టించుకున్నారు. వైద్యం పేరు మీద గడువిచ్చారు. ఆ తర్వాత వీసా మార్చి, ఇక్కడ పుట్టినవాళ్ళకిచ్చే జీవితకాలం కార్డుకి దరఖాస్తు పెట్టుకోమన్నారు. బయటికొచ్చాక అత్త కుర్చీలోంచి వెనక్కి తిరిగి, "ఏ కాగితమైనా ముందు చివరి లైను చదవాల్రా" అంది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో అందరూ వాడుకున్నారు. పెళ్ళిపత్రిక వచ్చినా మా ఆవిడ చివరి లైను ముందు చదువుతుంది.

కార్డు అంత తేలిగ్గా రాలేదు. ఆమె ఒకప్పుడు ఈ దేశపు మనిషేనని రుజువు కావాలి. మా ఇళ్ళల్లో ఆడపిల్లకి బళ్ళో నాయనమ్మ పేరు రాయిస్తారు, బాప్తిస్మం ఇచ్చేటప్పుడు గుళ్ళో ఇంకో పేరు పెడతారు. పాస్‌పోర్టులో ఉన్నది గుడి పేరు. బడి రికార్డులో ఉన్నది నాయనమ్మ పేరు. రెండు పేర్ల మనిషీ ఒక్కటేనని తేల్చడానికి విచారణకి ఒక కానిస్టేబుల్ మా ఊరొచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎండలో వచ్చి చెమటలు కక్కుతున్నాడు. అత్త అరుగు మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

వయసులో పెద్దవాళ్ళని పిలవమన్నాడు. నలుగురొచ్చారు. అందరూ తెలుసన్నారు గానీ, బళ్ళో ఏ పేరుతో చదివిందో ఎవరికీ గుర్తులేదు. అప్పుడు చివరింటి ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఈవిడా? నాకు తెలీకపోవడమేంటండీ. ఐదో తరగతిలో నా పలక పగలగొట్టింది. మేస్టారు ఈవిడ చేత గోడకుర్చీ వేయించారు" అని ఆ మేస్టారు పిలిచినట్టే బడి పేరు పెట్టి పిలిచి మరీ చెప్పాడు.

అత్త కొంగు తీసేసింది. "నేను పగలగొట్టానా! నువ్వే కింద పడేసుకుని నా మీద చెప్పావు. ఆ రోజంతా గోడకుర్చీ వేశాను నీ మూలాన!"

"అబద్ధం. కొత్త పలక."

"కొత్తదా? అంచు ముందే విరిగి ఉంది. నీ మొహానికి కొత్త పలకొకటి!"

కానిస్టేబుల్ రాయడం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పలక సంగతి రాయనక్కర్లేదుగాండీ?" అన్నాడు. "రాయండి" అన్నాడు ముసలాయన. నవ్వులయ్యాక కానిస్టేబుల్ కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు. గుడి రిజిస్టరులో తండ్రి పేరూ, బడి రికార్డులో తండ్రి పేరూ ఒకటే కావడం కూడా కలిసొచ్చింది.

కార్డు తీసుకుని విజయవాడ నుంచి కారులో వస్తున్నాం. కీసర దాటకముందే అత్త నిద్రపోయింది. నోరు తెరుచుకుని, తల కిటికీకి కొట్టుకుంటున్నా తెలియనంత నిద్ర. నందిగామ సెంటర్లో కారు పక్కకి పెట్టించి, ఆమె లేచేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. మా ఆవిడ రెండు టీలు తాగింది.

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంది, మందులు కొనుక్కుంది. ఖర్చు ఖర్చే. కానీ తలుపు గడియ పెట్టుకోలేదు. అప్పుడప్పుడు పెన్షన్ వాళ్ళ దగ్గర్నుంచి, బతికే ఉన్నావా అని అడుగుతూ ఒక ఫారం వచ్చేది. మా ఊరి హెడ్మాస్టరు సాక్షి సంతకం చేసేవాడు. ఆయన చూడకుండా పెట్టబోతే పెన్ను పట్టుకునేది. "నన్ను చూసి పెట్టండి మేస్టారూ. నాడి కూడా చూడండి" అని చెయ్యి చాపేది.

మిరపకాయలు కోసే ఆడవాళ్ళు గుడి నుంచి వస్తుంటే ఆపి చెప్పులు విప్పించేది. వేళ్ళ సందులు చూడకుండా ఎవర్నీ కదలనిచ్చేది కాదు. సిగ్గుపడితే తిట్టేది.

కార్డు వచ్చిన నెలకనుకుంటాను, ఆ కానిస్టేబుల్ ఏదో పని మీద మా వీధిలోంచి వెళ్తూ బండి ఆపాడు. "బాగున్నారా అమ్మా?" అన్నాడు, దిగకుండానే. అత్త అద్దాల మీదుగా చూసింది.

"ఎడం కాలు ఈడ్చి నడుస్తావేంటి బాబూ? ఆ రోజే చూశా."

"ఏం లేదమ్మా. బూటు కరిచింది."

"షుగరుందా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "కొంచెం ఉందండీ."

"కొంచెం అని కాదు, ఎంతుందో చెప్పు. దిగు ముందు."

నేను పొలం నుంచి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నవ్వాపుకుంటూ నిలబడి ఉంది. అరుగు కింద రెండు నల్ల బూట్లు, వాటిలో కుక్కిన మేజోళ్ళు. కానిస్టేబుల్ టోపీ చేత్తో పట్టుకుని అరుగు మీద బుద్ధిగా కూర్చున్నాడు. అత్త కింద పీట వేసుకుని, ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని, వెలుతురికి తిప్పి, బొటనవేలితో ఒక్కో వేలి సందూ తీసి చూస్తోంది.