వంగని వేలు

ఆర్మూరులో ఎవరికి దెబ్బ తగిలినా ముందు చేయి పోయేది పసుపు డబ్బాకే. పండించేది మేమే, అమ్మేది మేమే, ఇక మేమే నమ్మకపోతే ఎట్లా? ఆ నమ్మకమే నా కుడి చూపుడువేలిని కొయ్యముక్కను చేసింది.

ఆ రోజు బర్రెలకు గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల దవాఖాన సారు మా వాడకు వచ్చాడు. మా బర్రెకు ఇంట్లో నేనంటేనే కాస్త భయం, అందుకని పలుపు నేనే పట్టుకున్నాను. సూది మెడ దగ్గరికి రాగానే అది తల విసిరింది. సూది వచ్చి నా వేలిలో దిగింది, మందూ కొంచెం లోపలికి పోయింది. కారిన రక్తం ఒక్క చుక్క. సారు ముఖం మాత్రం పాలిపోయింది. ఇది నూనెతో కలిపిన మందని, పశువుకు మేలు చేసినా మనిషి వేలికి విషమేనని, ఈ క్షణమే నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయి చూపించమని ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు.

మా అత్త నవ్వింది. పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుట్టిన చేయి ఆమెది, ఎన్ని కత్తెర గాట్లు పడ్డాయో ఆమెకే గుర్తులేదు.

"సూది గుచ్చుకుంటే దవాఖాన ఏందే? జర పసుపు పెడితే పొద్దుగాలకు మానుతది."

నూనెలో పసుపు వెచ్చచేసి, వేలికి గట్టిగా గుడ్డ చుట్టింది. నాకూ అదే సబబనిపించింది. మధ్యాహ్నం చేట ముందు పెట్టుకుని బీడీలకు కూర్చున్నాను కూడా.

తెల్లారేసరికి వేలు వంకాయలా ఉబ్బి నల్లబడింది. నిజామాబాద్‌లో డాక్టరమ్మ దాన్ని పొడవునా కోసి కడిగింది. పైన చుక్కే కనిపించినా మందు లోలోపల పాకి రక్తం ఆడనివ్వదట. వెంటనే వచ్చి ఉంటే ఇంత కోత పడేది కాదని మెల్లగా చెప్పింది. వేలు దక్కింది. వంగడం దక్కలేదు.

బీడీకి చూపుడువేలు ఎంత అవసరమో చుట్టేవాళ్లకే తెలుసు. తంబాకు పోసి ఆకు చుట్టడం ఎలాగో నెట్టుకురావచ్చు, మూతి మడవాలంటే మాత్రం ఆ వేలి కొన వంగాలి. నా బీడీలు మూతులు విచ్చుకుని కార్ఖానా నుంచి వెనక్కి వచ్చాయి. ఇట్లే అయితే బీడీ కార్మికురాలి కార్డు పోతుందన్నారు. ఆ కార్డే నా పీఎఫ్, రేపటి పింఛను, ఇంట్లో నా మాటకున్న విలువ. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది నాకు. బర్రె మీద, సూది మీద, అన్నిటికన్నా ఆ పసుపు డబ్బా మీద.

అత్తను నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమే తనను తాను తిట్టుకుంది. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో నా చేయి పెట్టి, దవాఖానలో చూపించిన తీరుగా వేలిని వంచుతూ చాపుతూ కూర్చుంటుంది. చలికాలంలో సలుపు పెడితే తన కొంగులో చుట్టి పట్టుకుంటుంది. కళ్లు సరిగా కనబడక ఎప్పుడో మానేసిన బీడీల పనికి మళ్లీ దిగింది. నేను చుడతాను, ఆమె మూతి మడుస్తుంది. దానికి కళ్లెందుకు, వేళ్లకు తెలుసంటుంది. అట్లా కార్డు నిలిచింది. పసుపు డబ్బాను మాత్రం ఆమె మళ్లీ ముట్టలేదు. కూరలో పసుపు కూడా నన్నే వేయమంటుంది.

మొన్న నేను నీళ్లకు లేచిన కాసేపట్లో తనే ఆకు కత్తిరించబోయి బొటనవేలు కోసుకుంది. నేను వచ్చేసరికి గాయం మీద కొంగు అదుముకుని కూర్చుంది. రక్తం ఆకుల మీద పడుతోంది. పసుపు డబ్బా ఆమె చేతికందే దూరంలోనే ఉంది. నేను గాయం కడిగి చూశాను, పైపై గాటే. డబ్బా మూత తీశాను.

"వద్దే," అంది.

"ఇది కత్తెర గాటు అత్తమ్మా. గప్పుడు తప్పు పసుపుది గాదు, నీది గాదు. సారు చెప్పినా మనకు తెల్వకపాయె."

ఆ వంగని వేలితోనే పసుపు అద్ది కట్టు కట్టాను. ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, కట్టు కట్టిన చేత్తోనే నా వేలు అందుకుంది.

"పొద్దుగాల నీ ఏలు వంచుడు మరిచిపోయిన," అంది. "ఇటు తే."